చిత్తూరులో ఉండి మెడికల్ రీసెర్చ్ చేయవచ్చా, లేక ఉద్యోగం మానేసి పీహెచ్‌డీలో చేరాలా?

ముందు ప్రశ్న క్లుప్తంగా. అడిగిన డాక్టరమ్మ జనరల్ మెడిసిన్‌లో ఎండీ పూర్తి చేసి, చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తున్నారు. పరిశోధన అంటే ఇష్టం. కానీ "ఇక్కడ ల్యాబు లేదు, చెప్పేవాళ్ళు లేరు, వచ్చేవన్నీ పాముకాట్లు, పురుగుమందు కేసులు, షుగరు పుండ్లు. ఉద్యోగం మానేసి బెంగళూరులో పీహెచ్‌డీలో చేరనా, డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సుకు చదవనా, లేక ఏజెంటుకు డబ్బు కట్టి రెండు పేపర్లు వేయించుకుని ప్రమోషన్ చూసుకోనా?" అని అడిగారు. ఏ పేపరు రాసినా మొదటి పేరు తనదే ఉండాలని హెచ్‌ఓడీ (విభాగం పెద్ద) అంటున్నారట, అది ఇంకో టెన్షన్.

నా జవాబు ఇది. ఉద్యోగం మానకండి. పీహెచ్‌డీ ఇప్పుడు వద్దు. డబ్బు కట్టి పేపరు అసలే వద్దు. ఒక రెండేళ్ళు ఒకే జబ్బు పట్టుకుని, ఒకే ప్రశ్న పెట్టుకుని, మీ వార్డులో రోజూ పడుకుని ఉండే మనుషుల మీదే పని చేయండి. ఆ తర్వాత వెల్లూరు వెళ్ళినా, బెంగళూరు వెళ్ళినా, విదేశం వెళ్ళినా మీ చేతిలో చూపించుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇప్పుడు వెళ్తే అక్కడ ఇంకొకరి ప్రశ్నకు పని చేసిపెడతారు.

నేను తిరుపతిలో మెడిసిన్ ప్రొఫెసర్‌ని. చాలా ఏళ్ళుగా, పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో కూర్చుంటున్నాను కాబట్టి కుర్ర డాక్టర్ల ప్రపోజల్స్ ఎక్కడ ఆగిపోతాయో దగ్గర నుంచి చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. కణాల మీద, జన్యువుల మీద పనిచేసే ల్యాబ్ సైన్సు గురించి మాత్రం నా మాటకు అంత విలువ ఇవ్వకండి, అది నా దారి కాదు.

మీరు "వచ్చేవన్నీ పాముకాట్లు" అని రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరుగారు ఉన్నారు. ఆయన దగ్గరికి వచ్చింది తేలు కాట్లు. ఎర్ర తేలు కుట్టినవాళ్ళు గుండె దెబ్బతిని చనిపోతుంటే పక్కన కూర్చుని నాడి, బీపీ, చెమటలు, చల్లబడే చేతులు అన్నీ రాసుకున్నారు. ఆ రాతలు 1982లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చాయి. బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర ఈ రోగుల్ని కాపాడుతుందని తర్వాత చూపించారు. 2011లో 70 మంది రోగులతో ఆయన చేసిన ట్రయల్ బీఎంజే అనే మరో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. పెద్ద ల్యాబు, పీహెచ్‌డీ గైడు, గ్రాంటు లాంటివేవీ మొదట్లో ఆయన దగ్గర లేవు. తేలు కాటు మాత్రం ఉంది, ఏ పెద్ద నగరపు ప్రొఫెసరు దగ్గరా లేనంతగా ఉంది.

అంత దూరం కూడా అక్కర్లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానటోరియం మీకు తెలిసే ఉంటుంది, 1915లో పెట్టింది. అప్పటి మన చిత్తూరు జిల్లా పల్లెల్లో 1950 నుంచి 1955 దాకా ఇంటింటికీ తిరిగి టీబీ మీద చేసిన అధ్యయనాన్ని జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రచురించారు. పల్లెల్లో టీబీ గురించి రాసేవాళ్ళు ఆ తర్వాత చాలాకాలం దాన్ని చూపించారు. ఆ రోజుల్లో మదనపల్లెకు మీ కాలేజీ కంటే ఎక్కువ వసతులు ఉన్నాయని నేననుకోను.

కాబట్టి ఇప్పుడు మీ పాముకాటు సంగతికి వద్దాం. రక్తపింజర కరిచి కిడ్నీ దెబ్బతిన్న రైతు మీ వార్డులో డయాలసిస్ చేయించుకుని, మూత్రం వచ్చాక ఇంటికి వెళ్ళిపోతాడు. మూడు నెలలకు అతని క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత? ఏడాదికి ఎంత? బీపీ వచ్చిందా? డిశ్చార్జ్ షీటు మీద "రివ్యూ ఆఫ్టర్ వన్ వీక్" అని రాస్తాం, ఆ తర్వాత అతను ఏమయ్యాడో మన రికార్డుల్లో ఉండదు. ఇది ఒక ప్రశ్న. దీనికి కావలసింది ఒక రిజిస్టరు, ఒక ఫోను, క్రియాటినిన్, యూరిన్ ప్రోటీన్, బీపీ మిషను.

ఇంకొకటి. కాటుకూ మొదటి యాంటీవెనం (విషానికి విరుగుడు మందు) చుక్కకూ మధ్య పట్టిన సమయం. అందులో మంత్రం దగ్గర ఎంత పోయింది, ఆకుపసరు దగ్గర ఎంత పోయింది, పీహెచ్‌సీలో మందు ఉండీ వేయడానికి భయపడి రిఫర్ చేయడంలో ఎంత పోయింది? ఇది విడదీసి రాసినవాళ్ళు తక్కువ. 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్షకు కావలసింది శుభ్రమైన గాజు ట్యూబు ఒక్కటే. అది పీహెచ్‌సీలో చేశారా లేదా అన్నది కూడా ఒక పేపరుకు సరిపోయే విషయమే.

ప్రశ్న ఎలా ఉండాలని నన్ను పిల్లలు అడుగుతుంటారు. నేను చూసేది ఒకటే: జవాబు ఏది వచ్చినా మీ వార్డులో రేపు చేసే పని మారుతుందా? మారకపోతే వదిలేయండి. "చిత్తూరు జిల్లాలో షుగరు రోగుల్లో విటమిన్ డి స్థాయి" లాంటి ప్రపోజల్స్ మా కమిటీకి కుప్పలుగా వస్తాయి. తక్కువ వచ్చినా ఎక్కువ వచ్చినా ఎవరి వైద్యమూ మారదు.

ఇక్కడ మన ప్రాంతానికి మాత్రమే ఉన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇవి పుస్తకాల్లో ఉండవు, పత్రిక తరఫున పేపరు పరిశీలించే రివ్యూయర్ మాత్రం పట్టుకుంటాడు.

చిత్తూరు నుంచి వెల్లూరు గంట ప్రయాణం. కాస్త స్తోమత ఉన్నవాళ్ళు, బాగా సీరియస్ అయినవాళ్ళు అక్కడి పెద్దాసుపత్రి సీఎంసీకి వెళ్ళిపోతారు. కాబట్టి మీ వార్డులో ఉన్నవాళ్ళు జిల్లా రోగులందరికీ ప్రతినిధులు కారు. దీన్ని దాచకుండా, ఎంతమందిని రిఫర్ చేశారో, ఎంతమంది వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోయారో మొదటి రోజు నుంచే రాసుకోండి. తిరుపతిలో మాకు ఇంకో రకం బాధ. కొండకు వచ్చిన యాత్రికుడు గుండెనొప్పితో అడ్మిట్ అవుతాడు, తగ్గాక వాళ్ళ ఊరికి, ఒక్కోసారి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతాడు. ఫాలోఅప్ అధ్యయనం చేసేవాళ్ళు యాత్రికుల్ని మొదట్లోనే వేరు చేయకపోతే చివరికి సగం గడులు ఖాళీగా మిగులుతాయి.

ఫోను నంబర్లు రెండు తీసుకోండి, ఒకటి రోగిది, ఒకటి ఇంట్లో ఇంకొకరిది. నంబరు మార్చడం మనవాళ్ళకు చాలా మామూలు. ఊరి ఆశా కార్యకర్త పేరు రాసుకుంటే ఇంకా మంచిది. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో, సంక్రాంతికి, జాతర్లప్పుడు రివ్యూ తేదీ పెడితే ఎవరూ రారు. వేరే ఊళ్ళో పుట్టి పెరిగిన ప్రొఫెసరుకు ఇది తెలియదు, మీకు తెలుసు. ఇక్కడి మనిషి కావడం వల్ల మీకున్న మేలు ఇదే.

భాష కూడా. అంగీకార పత్రం తెలుగులో ఒక్కటే చాలదు. గుడిపాల, నగరి వైపు నుంచి వచ్చేవాళ్ళలో తమిళం చదివేవాళ్ళున్నారు, కుప్పం, పలమనేరు వైపు కన్నడం. మాట్లాడేది తెలుగే అయినా చదివేది వేరు కావచ్చు. సంతకం అనగానే ఆస్తి కాగితమేమో అని ముసలివాళ్ళు జంకుతారు. చదవలేనివాళ్ళ దగ్గర వేలిముద్రతో పాటు, మీ టీముకు సంబంధం లేని సాక్షి ఉండాలి. ఆ సాక్షి సంతకం మీ హౌస్ సర్జన్‌తో పెట్టించిన ఫారాలు చాలా చూశాను, అలాంటివి వెనక్కి పంపిస్తాం.

ఎథిక్స్ అనుమతి ముందే. పాత కేస్ షీట్లు తిరగేసే పనికైనా సరే. డేటా అంతా పోగుచేశాక "సర్, అనుమతి లెటరు కావాలి, పత్రిక అడుగుతోంది" అని వచ్చేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. వెనక తేదీతో ఏ కమిటీ ఇవ్వదు, ఇవ్వకూడదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 ఎథిక్స్ మార్గదర్శకాలు ఒకసారి పూర్తిగా చదవండి, భాష తేలిగ్గానే ఉంటుంది. మందు ఇచ్చి ఫలితం చూసే ట్రయల్ అయితే సీటీఆర్‌ఐలో (దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) మొదటి రోగిని చేర్చుకోక ముందే రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదలైపోయిన ట్రయల్‌ను వాళ్ళు తీసుకోవడం లేదు. నాకు తెలిసిన ఒక కుర్రాడి ఎండీ థీసిస్ నిజంగా బాగుంది, కానీ ఈ ఒక్క కారణంగా మంచి పత్రికలేవీ తీసుకోలేదు.

స్టాటిస్టిక్స్ గురించి ఒక్క మాటే. మీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టీషియన్ ఉంటారు. ఆయన దగ్గరికి డేటా పట్టుకుని కాకుండా ప్రశ్న పట్టుకుని వెళ్ళండి. ఏ కాలమ్స్ పెట్టాలి, ఎంతమంది కావాలి అన్నది ముందే తేల్చుకుంటే చివర్లో పీ వాల్యూ కోసం వెతుక్కునే అవస్థ ఉండదు. పేపర్లో ఏమేం ఉండాలో స్ట్రోబ్ జాబితా చెప్తుంది. దాన్ని రాసేటప్పుడు కాకుండా ప్రోటోకాల్ వేసేటప్పుడే ఎదురుగా పెట్టుకోండి.

డబ్బు సంగతి. ఇలాంటి మొదటి అధ్యయనానికి గ్రాంటు అక్కర్లేదు. మనుషులు కావాలి. దానికి నేను చెప్పే దారి ఎంబీబీఎస్ పిల్లలు. ఐసీఎంఆర్ 1979 నుంచి ఎస్‌టీఎస్ అనే స్టూడెంట్‌షిప్ నడుపుతోంది, రెండు నెలల పని. మంచి విద్యార్థినిని చూసుకుని, మీ పెద్ద ప్రశ్నలో ఒక ముక్క ఆమెకిచ్చి, గైడుగా మీరు ఉండండి. ప్రపోజల్ రాయడం మీకూ అలవాటవుతుంది. తర్వాత వచ్చే పీజీకి ఇంకో ముక్క థీసిస్‌గా ఇవ్వండి. మూడో ఏడాదికల్లా మీ దగ్గర ఒకే జబ్బు మీద వరసగా మూడు నాలుగు పనులుంటాయి. ఐసీఎంఆర్ గ్రాంటుకు రాసేటప్పుడు "ఇంతవరకు ఏం చేశారు" అన్న గడిలో రాయడానికి అప్పుడు సరుకు ఉంటుంది. ఏటా టాపిక్ మార్చేవాళ్ళకు ఆ గడి నిండదు. ఒక బావి నీళ్ళు పడేదాకా తవ్వాలి గానీ పది చోట్ల గుంతలు తీస్తే లాభం లేదు.

ఇక ఏజెంటు సంగతి. ఇలాంటి ఏజెంట్లు వాట్సాప్‌లో పంపే మెసేజ్‌లు మాకూ వస్తాయి. పదోన్నతికి లెక్క కట్టే పేపర్లలో మొదటి ముగ్గురిలో ఒకరో, కరెస్పాండింగ్ ఆథరో (పత్రికతో ఉత్తరాలు నడిపే రచయిత) అయి ఉండాలని 2020లో నిబంధన మార్చారు. అందుకే వీళ్ళు మొదటి మూడు స్థానాలకు వేరువేరు రేట్లు చెప్తారు. వారంలో అంగీకారం, రివ్యూ పేరుతో రెండు వాక్యాల మెయిలు, పేరున్న పత్రికను పోలిన పేరు, ఎడిటర్ల జాబితాలో ఉన్నవాళ్ళకే తెలియని ఎడిటర్ పదవి. ఇందులో ఏ రెండు కనిపించినా పారిపోండి. ఫలానా చోట ఇండెక్స్ అయిందని వాళ్ళు లోగో పెడితే నమ్మకుండా పబ్‌మెడ్, డీఓఏజే అనే ఆన్‌లైన్ జాబితాల్లో మీరే వెతికి చూడండి. నమ్మదగ్గ పత్రికలంటూ యూజీసీ ఇచ్చిన కేర్ జాబితాను 2025లో తీసేశారు, కాబట్టి "కేర్ లిస్టెడ్" అని చెప్పేవాడి మాటకు ఇప్పుడు అర్థమే లేదు. నీతి సంగతి పక్కన పెట్టి లెక్కగానే చూసినా, ఆ పేపరు మీ పేరు మీద జీవితాంతం ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఒక ఫెలోషిప్ కమిటీ మీ జాబితా చూసేటప్పుడు ముందు కనిపించేది అదే.

పదోన్నతి అడ్డుపడుతుందనే భయం నిజమే, కొట్టిపారేయను. నిబంధనలు తరచూ మారుతున్నాయి, 2025లో కూడా కొత్తవి వచ్చాయి. ఎవరో చెప్పింది వినకుండా ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) సైట్లో అసలు గెజిట్ తెరిచి మీరే చదవండి. పరిశోధన పద్ధతులు నేర్పే బీసీబీఆర్ కోర్సు ఇంకా చేయకపోతే ఈ సెషన్‌లోనే చేరండి. చెన్నైలోని ఐసీఎంఆర్ ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) వాళ్ళు ఆన్‌లైన్‌లో నడుపుతారు, సర్టిఫికెట్ కోసం కాకపోయినా పాఠాలు వినదగ్గవి. పాముకాటు మొదటి పేపరు ఏడాదిన్నరలో వస్తుంది, తొందరపడనక్కర్లేదు.

హెచ్‌ఓడీ పేరు. ఇది సున్నితమైన విషయం. అంతర్జాతీయ ఎడిటర్ల కమిటీ నియమం ప్రకారం ఆథర్ కావాలంటే నాలుగు షరతులు తీరాలి: ఆలోచనలోనో డేటాలోనో గట్టి పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో పాలు ఉండాలి, చివరి ప్రతిని ఒప్పుకోవాలి, పేపర్లోని ప్రతి మాటకూ జవాబుదారీగా ఉండాలి. ఈ నియమం ప్రింట్ తీసి సారు బల్ల మీద పెడితే మాత్రం మీకు రేపటి నుంచి అన్నీ నైట్ డ్యూటీలే! అలా కాకుండా ప్రోటోకాల్ దశలోనే ఒక పేజీ తయారుచేయండి. ఎవరు ఏ పని చేస్తారు, పేరు ఏ స్థానంలో ఉంటుంది అని. అందులో హెచ్‌ఓడీకి నిజమైన పని ఒకటి ఇవ్వండి, ఉదాహరణకు కేసుల నిర్ధారణను స్వతంత్రంగా చూసి ఒప్పుకోవడం, డ్రాఫ్టు దిద్దడం. చివరి పేరు ఆయనది, మొదటి పేరు మీది అని అక్కడే రాసి మెయిల్ చేయండి. మన దగ్గర చివరి పేరంటే వెనక బెంచీ అనుకునే పెద్దవాళ్ళున్నారు. వైద్య పత్రికల్లో చివరి పేరు టీముకు పెద్దగా ఉన్నవారిదని మర్యాదగా చెప్తే చాలామంది ఒప్పుకుంటారు. నా దగ్గర పనిచేసి వేరే కాలేజీకి వెళ్ళిన ఒక అమ్మాయి ఇలాగే చేసింది. మొదట ఆ సారు మొహం మాడ్చుకున్నారు, తర్వాత ఆయనే డ్రాఫ్టు అడిగి మరీ దిద్దారు. ఒప్పుకోని మనిషైతే మొదటి పేపరుకు పోట్లాడకండి, కానీ రెండో పనికి ఇంకో విభాగంలో తోడు వెతుక్కోండి. కమ్యూనిటీ మెడిసిన్‌లోనో ఫార్మకాలజీలోనో సాధారణంగా దొరుకుతారు.

పీహెచ్‌డీ ఎవరికి అవసరం? బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ వాళ్ళకు, ల్యాబులోనే జీవితం గడపాలనుకునేవాళ్ళకు అవసరమే. మీలాంటి క్లినికల్ ఎండీకి లేని నైపుణ్యం ఎపిడెమియాలజీ (జనంలో జబ్బుల తీరు చూసే శాస్త్రం), స్టాటిస్టిక్స్. దానికి ఎన్‌ఐఈలోనో, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోనో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) మేలు. పరిశోధకులకు డబ్బిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ క్లినికల్ ఫెలోషిప్‌లకు ఎండీ చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కానీ అక్కడ అడిగేది మీ ప్రశ్న ఏమిటని, అది లేకుండా వెళ్తే మొదటి వడపోతలోనే పోతుంది.

ల్యాబు కావలసిన రోజు కూడా వస్తుంది. తిరుపతి ఐసర్ (కేంద్ర సైన్సు విద్యాసంస్థ), తిరుపతి ఐఐటీ రెండూ 2015లో మొదలయ్యాయి. వాళ్ళ దగ్గర మిషన్లున్నాయి, రోగులు లేరు. రక్తపింజర కాటు రోగుల నమూనాలు, కాటు సమయం, యాంటీవెనం మోతాదు, ఏడాది ఫాలోఅప్‌తో సహా మీ దగ్గర ఉంటే అలాంటివాళ్ళకు అది పెద్ద ఆస్తి. మెయిల్ రాసేటప్పుడు "రీసెర్చ్ మీద ఆసక్తి ఉంది సర్" అని రాయకండి. ఒక పేజీలో ప్రశ్న, ఏడాదికి మీకు వచ్చే కేసులు, ఇప్పటికే ఉన్న అనుమతి, వాళ్ళ నుంచి కావలసిన ఒకే ఒక్క పరీక్ష. అంతే. నమూనాలు ఆసుపత్రి గడప దాటాలంటే రెండువైపులా ఎథిక్స్ అనుమతి, ఒప్పంద పత్రం ఉండాలని గుర్తుంచుకోండి.

డీఎం గురించి. ఆ వైద్యం మీద ఇష్టం ఉంటే తప్పకుండా చేయండి, పరిశోధనకు దారి అనుకుని మాత్రం చేయకండి. సీటు నీట్ ఎస్‌ఎస్ ప్రవేశపరీక్ష ర్యాంకుతో వస్తుంది, పేపర్లు అక్కడ అక్కరకు రావు. డ్యూటీలు చేసుకుంటూ ఆ చదువూ, ఈ పనీ ఒకే ఏడాదిలో సాగవు. చదవాలనిపిస్తే ముందు రిజిస్టరు మొదలుపెట్టి, అనుమతి తెచ్చి, ఒక పీజీకి అప్పగించి చదువుకోండి. మీరు తిరిగి చూసేసరికి రోగులు చేరుతూ ఉంటారు. నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) సీటు వచ్చిందనుకోండి, అదే డేటా మీ డీఎం థీసిస్‌కు పునాది అవుతుంది.

ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. మెడికల్ రికార్డ్స్ విభాగానికి వెళ్ళి నిరుడు ఎన్ని పాముకాటు అడ్మిషన్లు వచ్చాయో, కేస్ షీట్లలో ఏమేం రాసి ఉన్నాయో, ఏవి ఖాళీగా ఉన్నాయో విభాగం అనుమతితో చూడండి. దాన్ని బట్టి కాలమ్స్ జాబితా వేసి, రోగుల వివరాలేవీ లేకుండా ఇక్కడే కింద పెట్టండి. ఏవి తీసేయాలో, ఏవి చేర్చాలో చూసి చెప్తాను.